ప్రాజెక్ట్ జాంబాయిడ్: కరెంటు పోయాక ఊరి అంచునే ఉండాలా, లూయివిల్‌కు వెళ్లాలా?

నిశాచరి:
జాంబీల (లేచి తిరిగే శవాల) మధ్య బతికి బయటపడే కంప్యూటర్ గేమ్ ప్రాజెక్ట్ జాంబాయిడ్‌లో నేను 41వ బిల్డ్‌ను (వెర్షన్‌ను) సెట్టింగులేవీ మార్చకుండా ఆడుతున్నాను. నా పాత్ర గేమ్‌లోని రివర్‌సైడ్ అనే ఊరి అంచున ఒక రెండంతస్తుల ఇంట్లో ఉంటోంది. చప్పుడుతో జాంబీలను రప్పించే హెలికాప్టర్ వచ్చి వెళ్లింది, కరెంటు పోయింది, కుళాయిలో నీళ్లు మాత్రం ఇంకా వస్తున్నాయి. డబ్బాల ఆహారం కొంత ఉంది కానీ తుపాకులు లేవు, సమ్మెట ఎంత వెతికినా దొరకలేదు. మ్యాప్‌లోని పెద్ద నగరం లూయివిల్‌లో అన్నీ పుష్కలంగా ఉంటాయని చాలామంది అంటున్నారు. ఇప్పుడే కారెక్కి అక్కడికి వెళ్లడం మంచిదా, ఇక్కడే ఉండి ఇంటిని గట్టిపరచుకోవడం మంచిదా? కారణాలతో సహా చెప్పగలరు.

కంచెపక్కన:
ఇప్పుడు వెళ్లకండి. మ్యాప్ మొత్తంలో జాంబీలు అత్యధికంగా కిక్కిరిసి ఉండేది లూయివిల్‌లోనే. మీకు ఇప్పుడు కావలసింది తుపాకులు కావు, నీళ్లు. కుళాయి ఆగిపోయే రోజు ముందుగా తెలియదు కనుక, ఈరోజే దొరికిన ప్రతి సీసానూ గిన్నెనూ బకెట్‌నూ నింపి పెట్టుకోండి. వాన నీటి పీపా చేయడానికి వడ్రంగం నాలుగో స్థాయికి చేరాలి. టీవీలో వచ్చే పాఠాలు కరెంటుతోపాటే పోయాయి కాబట్టి, ముందు వడ్రంగం పుస్తకం చదివి, ఆ తరువాత సుత్తీ రంపమూ పట్టుకుని చుట్టుపక్కల ఇళ్లలోని కుర్చీలు, బల్లలు, అలమారాలు విడగొడుతూ పోతే, అటు అనుభవమూ పెరుగుతుంది, ఇటు పలకలూ మేకులూ చేతికొస్తాయి. పీపాలోని నీళ్లు కాచకుండా తాగవద్దు.

గొడ్డలివీరుడు:
పై మాటలో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఒక విషయం మరచిపోకూడదు. డిఫాల్ట్ సెట్టింగుల్లో జాంబీల సంఖ్య 28వ రోజు వరకు పెరుగుతూ పోయి ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. అంటే ఆలస్యం చేసినకొద్దీ లూయివిల్ మరింత కష్టమవుతుంది. అయినా తుపాకుల కోసం వెళ్లడమైతే దండగ అనే నా అభిప్రాయం. ఒక్క షాట్‌గన్ పేలితే, ఆ చప్పుడు విన్న గుంపంతా మీవైపే బయలుదేరుతుంది. పదిమందిని చంపబోయి యాభైమందిని పిలుచుకున్నట్టవుతుంది.

గునపం ఒకటి దొరికితే అదే చాలు, అది చాలాకాలం మన్నుతుంది. నడుము ఎత్తు కంచె వెనుక నిలబడండి. కంచె దాటబోయిన జాంబీ ఇవతల బోర్లా పడుతుంది, లేచేలోపు తలపై కొట్టండి. తెరపై అలసట గుర్తు కనిపించగానే వెనక్కి తగ్గి కూర్చోండి, ఎందుకంటే అలసిన చేతి దెబ్బకు బలం తగ్గిపోతుంది. వీపున నిండు సంచి వేసుకుని పోరాడేవారు త్వరగా చచ్చేది ఇందువల్లనే.

దీపస్తంభం:
జనరేటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ వృత్తి ఎంచుకుంటే తప్ప, దాని వాడకం నేర్పే పత్రిక చదవనిదే కనెక్షన్ ఇవ్వలేరు. పుస్తకాల దుకాణాలూ తపాలా పెట్టెలూ వెతకండి. జనరేటర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో పెట్టవద్దు, దాని పొగ మీ పాత్రను చంపేస్తుంది. కరెంటు లేనప్పుడు పెట్రోలు పంపులు పనిచేయవు. పంపు పక్కనే జనరేటర్ నడిపితే మళ్లీ పనిచేస్తాయి. అంతదాకా ఖాళీ డబ్బా పట్టుకుని, వదిలేసిన కార్ల నుండి పెట్రోలు తోడుకోవచ్చు.

నిశాచరి:
అందరికీ ధన్యవాదాలు. లూయివిల్ ప్రయాణం వాయిదా వేసి, నీళ్లూ వడ్రంగమూ చూసుకుంటాను. చివరిగా ఒక సందేహం: నిన్న ఒక జాంబీ చేతిని గీరింది. ఈ పాత్ర మీద ఆశ వదులుకోవాలా?

కంచెపక్కన:
గీరుకుపోయిన గాయమైతే జాంబీ వ్యాధి సోకే అవకాశం 7 శాతమే. చర్మం చీలితే 25 శాతం, కొరికితే నూరు శాతం. కట్టు కట్టి, మురికైనప్పుడల్లా మార్చండి. వాంతి వచ్చేలా ఉందన్న గుర్తు తెరపై కనిపిస్తే వెంటనే కంగారు పడవద్దు. శవాల గుట్ట దగ్గర ఎక్కువసేపు ఉన్నా అదే గుర్తు వస్తుంది. ఇంటి ముందు శవాలేమైనా పోగుపడ్డాయేమో ముందు చూడండి, ఉంటే దూరంగా లాగి పడేయండి.