ఫోటోనిక్ క్రిస్టల్ క్యావిటీలో డైపోల్ మోడ్ క్యూ విలువ స్థిరపడటం లేదు

17.14 గిగాహెర్ట్జ్ ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ క్యావిటీని (మైక్రోతరంగాలను బంధించి ఎలక్ట్రాన్లకు వేగం పెంచే గదిని) కంప్యూటర్‌లో లెక్కగడుతున్నాను. 2005లో అమెరికాలోని ఎంఐటీ బృందం ఎలక్ట్రాన్లకు వేగం పెంచి చూపిన 17 గిగాహెర్ట్జ్ నిర్మాణం దీనికి ఆధారం. ఫోటోనిక్ క్రిస్టల్ అంటే ఇక్కడ త్రిభుజ జాలకంలో క్రమంగా పేర్చిన రాగి కడ్డీలు, మూడు వరుసలు; నడిమి కడ్డీ తీసేశాను. కడ్డీ వ్యాసార్ధం 1.05 మి.మీ., కేంద్రాల మధ్య దూరం 6.97 మి.మీ., అంటే నిష్పత్తి సుమారు 0.15.

వేగాన్నిచ్చే టీఎం01 మోడ్‌తో (మోడ్ అంటే క్యావిటీలో నిలిచే తరంగ రూపం) ఏ ఇబ్బందీ లేదు. మెష్ (లెక్క కోసం క్యావిటీని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) మార్చినా, బయటి సరిహద్దు మార్చినా పౌనఃపున్యం, క్యూ (మోడ్‌లోని శక్తి ఎంత నెమ్మదిగా తరిగిపోతుందో చెప్పే సంఖ్య) రెండూ కదలవు. చిక్కంతా డైపోల్ మోడ్‌తోనే, అంటే అక్షానికి రెండు వైపులా క్షేత్రం వ్యతిరేక దిశల్లో ఉండే మోడ్‌తోనే. అది కడ్డీల సందుల్లోంచి బయటికి పోవాలి, ఈ నిర్మాణాన్ని ఎంచుకునేదే అందుకు. లోపలే నిలిచిపోతే వెనక వచ్చే ఎలక్ట్రాన్ గుంపులను పక్కకు నెడుతుంది.

బయటి లోహపు గోడ తీసి, లెక్కలో బయటికి పోయే తరంగాలను మింగేసే శోషక పొర పెట్టాను. పొర మందం 4 మి.మీ. ఉన్నప్పుడు డైపోల్ క్యూ దాదాపు 110, 8 మి.మీ. చేస్తే 600 దాటుతోంది. మెష్ రెట్టింపు సూక్ష్మం చేసినా, పొరను చివరి వరుస నుంచి ఇంకా దూరం జరిపినా తేడా తగ్గలేదు. క్షేత్ర చిత్రంలో బలం కొంత మధ్యలో, కొంత శోషక పొర అంచున కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు నిజమైన క్యావిటీ మోడ్‌ను, శోషక పొర వల్ల పుట్టిన కృత్రిమ మోడ్ నుంచి ఏ పరీక్షతో వేరుచేయాలి?