క్రిస్మస్ కాలంలో ఇతరులకు ఏమివ్వగలం: కొత్తగా వచ్చిన ఒక సభ్యుని ప్రశ్న, రెండు సమాధానాలు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా విదేశానికి వచ్చి కొద్ది నెలలే అయింది. డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఆఫీసులోనూ వీధుల్లోనూ విరాళాల పెట్టెలు, పిల్లల బొమ్మలు సేకరించే డబ్బాలు కనబడుతున్నాయి. నాకూ ఏదైనా చేయాలని ఉంది గానీ, ఇంటికి డబ్బు పంపగా మిగిలేది స్వల్పమే. ఏది చేస్తే నిజంగా ఎవరికైనా ఉపయోగపడుతుందో, ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. డబ్బు తక్కువని వెనుకాడవద్దు. ఈ నెలలో చుట్టూ ఉన్న చాలామందికి కరవయ్యేది సమయం. కుటుంబానికి దూరంగా ఉన్న మీకు 24, 25 తేదీల్లో ఉన్నది అదే. మీరు క్రైస్తవులైతే ఆరాధనకు వెళ్ళి వచ్చిన తరువాత కూడా రోజులో ఎక్కువ భాగం మీ చేతిలోనే ఉంటుంది.

అందుచేత మొదట మీ ఆఫీసులోనే చూడండి. ఆసుపత్రులు, హోటళ్లు, కాల్ సెంటర్లు, కంప్యూటర్ వ్యవస్థలను కనిపెట్టుకొని ఉండే విభాగాలు పండుగనాడు కూడా నడవక తప్పదు. చిన్నపిల్లలున్న సహోద్యోగికో, తల్లిదండ్రులను చూడటానికి దూరప్రయాణం చేయవలసిన సహోద్యోగికో ఆ రోజు డ్యూటీ పడితే, దాన్ని నేను చేస్తానని అడగండి. వారి ప్రయాణ ఏర్పాట్లకు వ్యవధి ఉండేలా ముందే అడగాలి, మేనేజరు అనుమతితో జరగాలి. కొత్తగా వచ్చినవారు ఇవ్వగలిగిన వాటిలో దీనికి మించినది లేదని నా అభిప్రాయం. ఊరికి వెళ్ళే పొరుగువారి గుమ్మం ముందు పడే పార్సిళ్లు తీసి ఉంచడం, మొక్కలకు నీళ్లు పోయడం, పిల్లికి వేళకు తిండి పెట్టడం కూడా ఇలాంటివే.

ఇక మీరు చూసిన పెట్టెల సంగతి. చాలా దేశాల్లో వీధి మూలన గంట మోగిస్తూ నిలబడేవారి దగ్గర కనబడే ఎర్ర కుండ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థది. 1891లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ సంస్థకు చెందిన కెప్టెన్ జోసెఫ్ మెక్‌ఫీ, పేదలకు క్రిస్మస్ భోజనం పెట్టడానికి డబ్బు చాలక, పడవలు దిగే రేవు దగ్గర ఒక కుండ పెట్టి దారినపోయేవారిని సహాయం అడిగారు. చిల్లర నాణేలు వేయడానికి సంకోచించకండి. ఆ కుండను పెట్టిందే వాటి కోసం.

బొమ్మల డబ్బాల్లో వేసేది కొత్తదై ఉండాలి, రంగు కాగితం చుట్టకూడదు. లోపల ఏముందో చూసి, ఏ వయసు పిల్లలకు తగినదో వేరుచేయాలి కదా. పైగా చాలాచోట్ల తల్లిదండ్రులే వచ్చి ఎంచుకొని, ఇంటికి వెళ్ళి తమ చేతులతో చుట్టి పిల్లలకు ఇస్తారు. ఆ సంతోషం వారికే దక్కాలి. ఒక్క మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: అందరూ ముద్దొచ్చే బొమ్మలే కొంటారు గనుక పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు మిగిలేది తక్కువ. వారికి ఒక బంతో, బొమ్మలు గీసుకునే సామగ్రో, మంచి చేతిసంచో ఇస్తే చాలా మేలు చేసినవారవుతారు.

అవసరంలో ఉన్నవారికి ఉచితంగా ఆహార సరుకులు అందించే ఫుడ్ బ్యాంకుకు ఇవ్వదలిస్తే చిన్న మొత్తమైనా డబ్బే ఇవ్వండి. టోకున కొంటారు, మిగులు సరుకు సేకరిస్తారు గనుక మనం దుకాణంలో కొనే దానికంటే ఎక్కువ తేగలరు. సరుకే ఇస్తామంటే వారి జాబితా చూసి, గడువు తేదీ సరిచూసుకొని ఇవ్వాలి. నిరాశ్రయుల వసతి గృహాలకైతే కొత్త సాక్సులు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు ఎప్పుడూ కావాలి. ఇవి తక్కువగా వస్తాయి, ఎందుకంటే ఇచ్చేవారికి ఇవి కానుకల్లా తోచవు.

వాలంటీరుగా వెళ్ళేముందు మీ వీసా షరతులు చదవండి. సాధారణంగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా, కొన్ని దేశాల్లో దాన్ని ఉద్యోగం కిందే లెక్కిస్తారు. సేవాసంస్థలో వడ్డించడం, సర్దడం వంటి వాటికి సాధారణంగా ఇబ్బంది ఉండదు గానీ, అనుమానం ఉంటే ఆ సంస్థనో, మీ కంపెనీలో వీసా వ్యవహారాలు చూసేవారినో అడిగి వెళ్ళండి. చెప్పకుండా 25న నేరుగా వెళ్ళవద్దు. ఆ రోజు పేర్లు వారాల ముందే నిండిపోతాయి.

ఫోన్ చేసి తొందరపెట్టేవారికి, గిఫ్ట్ కార్డుల రూపంలో విరాళం అడిగేవారికి ఏమీ ఇవ్వకండి. నిజమైన సంస్థ అలా అడగదు. ఆ దేశపు నమోదిత సేవాసంస్థల జాబితాలో పేరు చూసి, వారి సొంత వెబ్‌సైటు ద్వారానే ఇవ్వండి.

రెండవ సమాధానం

పై సమాధానానికి రెండు విషయాలు చేరుస్తాను. మొదటిది రక్తదానం. దాతలు సెలవుల్లో ప్రయాణాలకు వెళ్ళడంతో డిసెంబరు చివర రక్తనిల్వలు తగ్గుతాయి, ప్లేట్‌లెట్లయితే వారం రోజులకు మించి నిల్వ ఉండవు. అయితే మలేరియా ఉన్న దేశాల నుంచి వచ్చినవారిని కొన్ని దేశాల్లో కొంతకాలం అనుమతించరు, మరికొన్నిచోట్ల ముందు పరీక్ష చేస్తారు. కాబట్టి ఫోన్ చేసి కనుక్కొని వెళ్ళండి. కాదన్నా నొచ్చుకోకండి. శిబిరంలో దాతలను ఆహ్వానించి కూర్చోబెట్టేవారూ కావాలి.

రెండవది, మీ ఓపికంతా డిసెంబరులోనే ఖర్చు చేయవద్దు. క్రిస్మస్ వారంలో వృద్ధాశ్రమానికి పాటలు పాడేవారు, కానుకలు తెచ్చేవారు వరుసగా వస్తారు. జనవరి రెండవ వారానికి ఎవరూ ఉండరు. ఆశ్రమం వారిని అడిగి, బంధువులు రాని ఒక పెద్దవారి దగ్గరకు జనవరి నుంచి వారానికొక గంట వెళ్ళి కూర్చోండి. భాష పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు, వారే నేర్పుతారు. వెళ్తానని చెప్పిన రోజున మాత్రం తప్పకుండా వెళ్ళాలి, ఎందుకంటే వారు ఎదురుచూస్తూ ఉంటారు.