పెద్దవాళ్లకు మందుల జాగ్రత్తలు ఆన్‌లైన్‌లో నేర్పడం కుదిరే పనేనా?

సంఘం సభ్యుడు, విజయవాడ

మా విశ్రాంత ఉద్యోగుల సంఘంలో ఒక ప్రతిపాదన మీద గట్టిగా వాదనలు నడుస్తున్నాయి. సభ్యులంతా అరవై దాటినవాళ్లే. బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. ఒక్కొక్కరి డబ్బాలో ఐదారు రకాల మాత్రలు. వాటిని ఎలా వాడుకోవాలో వారానికో గంట జూమ్‌లో క్లాసులు పెట్టిద్దామని కొందరం అంటున్నాం. ‘ఈ వయసులో ఆన్‌లైన్ చదువులేమిటి, పిల్లలకు చెబితే వాళ్లే చూసుకుంటారు’ అని మిగతావాళ్ల మాట. మీరేమంటారు?

మందుల షాపు, తెనాలి

నేను వద్దనే అంటాను సార్. మెంతులు నానబెట్టి తాగితే షుగర్ మాత్రతో పని లేదని చెప్పే వీడియో కూడా అదే ఫోన్‌లోకి, అదే గ్రూపులోకి వస్తుంది. అది చూసి మాత్రలు మానేసి, షుగర్ పెరిగాక మళ్లీ చీటీ పట్టుకుని వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఫోన్‌లో చెప్పింది వినమని మనమే అలవాటు చేస్తే, ఏది నమ్మాలో ఏది వదిలేయాలో వాళ్లకు ఎవరు చెబుతారు? మందు ఇచ్చే చోట, మనిషి ఎదురుగా నిలబడి చెప్పాల్సిన విషయం ఇది.

పింఛనుదారు, హనుమకొండ

చెప్పాల్సిందే, కాదనను. కానీ షాపులో వెనక పదిమంది నిలబడి ఉంటే ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు? కవరు మీద 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి) అని రాసిస్తారు, అంతే. తిన్నాకనా, తినకముందా అని అడిగే లోపే వెనకాయన చీటీ ముందుకు చాపుతాడు.

‘పిల్లలకు చెబితే చాలు’ అన్న మాట నాకు బాధ కలిగించింది. మాత్ర మింగేది నేను, కళ్లు తిరిగితే పడేది నేను. కేంద్రం 2017లో పల్లెల కోసం పెట్టిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌లో కూడా వయసు 14 నుంచి 60 దాకానే ఉండేది. అంటే అరవై దాటినవాడికి ఫోన్ నేర్పడం దండగని ముందే తేల్చేశారు. ఇప్పుడు ఆ ఫోన్ రాదు కాబట్టి మందుల సంగతి కూడా చెప్పొద్దంటున్నారు. ఇదెక్కడి న్యాయం?

ఊరు నెల్లూరు, ఉండేది డల్లాస్

మా అమ్మ సంగతి చెబుతాను. నెల్లూరులో ఒక్కతే ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంది. వీడియో కాల్‌లో మందుల డబ్బా మంచం మీద గుమ్మరించమన్నాను. ఒక్కో స్ట్రిప్ చూపిస్తుంటే రేకు మీద లైటు పడి అక్షరాలు కనిపించలేదు. కిటికీ వైపు తిరిగి కొంచెం వంచి పట్టుకోమంటే అప్పుడు తేలింది. రెండు స్ట్రిప్పులు, రెండు కంపెనీలు, రెండు పేర్లు. కింద చిన్న అక్షరాల్లో మాత్రం రెండింటి మీదా ఒకటే: టెల్మిసార్టాన్ 40. ఒకటి ముందు నుంచీ వాడుతున్న బీపీ మాత్ర, రెండోది ఆసుపత్రిలో రాసింది. పాతది ఆపమని డిశ్చార్జ్ కాగితంలో ఎక్కడా లేదు. అమ్మ రెండూ వేసుకుంటోంది. డాక్టరుకు ఫోన్ చేసి ఒకటి ఆపించాం.

ఆ తర్వాత అమ్మకు నేర్పింది ఒక్కటే. పెద్దక్షరాలు వదిలెయ్, కింది చిన్నక్షరాలు చూడు, కొత్త మందు వచ్చినప్పుడల్లా పాతవాటి పక్కన పెట్టి పోల్చు. అమ్మ చదివింది ఐదో తరగతి, ఇంగ్లీషు రాదు. అయినా అక్షరాల ఆకారం చూసి పోలుస్తుంది. అనుమానమొస్తే ఫొటో తీసి పంపుతుంది.

అందుకే ఆన్‌లైన్‌లో నేర్పొచ్చనే నా నమ్మకం. కానీ ఎవరో గంటసేపు స్లయిడ్లు చూపించి వెళ్లిపోయే క్లాసయితే వద్దే వద్దు. ఒక్క కాల్‌లో ఐదారుగురికి మించకూడదు. ఎవరి మందులు వాళ్ల ముందుండాలి. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. స్కాన్ చేస్తే మందు అసలు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ వస్తాయి. ఎలా వేసుకోవాలో మాత్రం రాదు. అది మనిషే చెప్పాలి.

ఏఎన్ఎం, పాడేరు వైపు

మీరంతా ఫోనున్న పెద్దవాళ్ల గురించే మాట్లాడుతున్నారండీ. మా దగ్గర సిగ్నల్ కోసం గట్టు మీదికి ఎక్కాలి. ఇంటికెళ్లి సంచీ విప్పితే సగం మాత్రలకు పేరే ఉండదు. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగు కత్తిరించి ఇస్తారు, పేరూ తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది. ఇక చిన్నక్షరాలు ఏం చూస్తారు, క్యూఆర్ ఏం స్కాన్ చేస్తారు?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. సబ్‌సెంటర్‌లో ఈ-సంజీవని (దూరం నుంచే డాక్టరు చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ) మీద డాక్టరుతో మాట్లాడించేటప్పుడు మందుల సంచీ కూడా కెమెరా ముందు పెడితే మాకు చాలా ఉపయోగం. ఫోన్ మేం పట్టుకుంటాం, ప్రశ్న పెద్దాయన అడుగుతాడు.

మందుల షాపు, తెనాలి

కత్తిరించే విషయంలో మేడమ్ అన్నది నిజం. పేరున్న వైపు కొనేవాళ్లకే వెళ్లాలి.

ఇలా స్ట్రిప్పులు ముందు పెట్టుకుని చేసేటట్టయితే నేనూ ఒక గంట కూర్చుంటాను. అయితే మన ఇళ్లలో జరిగేవే చెప్పాలి. కార్తీక మాసం వస్తే నాకు టెన్షన్. సోమవారం ఉపవాసం, పొద్దున్నే షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినరు. షుగర్ పడిపోయి చెమటలు పడితే నీరసం అనుకుంటారు. ఉపవాసం ఉండేవాళ్లు మాత్ర సంగతి ముందే డాక్టరును అడగాలి. థైరాయిడ్ మాత్ర కాఫీతో కాదు, నీళ్లతో, పరగడుపున. కాల్షియం మాత్రకు, దానికి నాలుగు గంటల తేడా ఉండాలి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అది వాడేవాళ్లు వారంలో ఏ రోజు వేసుకోవాలో కవరు మీద తెలుగులో రాయించుకోవాలి. బీపీ మందులు వాడుతూ ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కునేవాళ్లకు కిడ్నీల సంగతి విడమరిచి చెప్పాలి.

క్లాసులో మోతాదు మార్చమని మాత్రం ఎవరూ చెప్పకూడదు. అది డాక్టరు పని. మందు పడలేదనిపిస్తే 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసుకునే జాతీయ హెల్ప్‌లైన్ అది.

సంఘం సభ్యుడు, విజయవాడ

రేపటి సమావేశంలో ఇది ఇలాగే చదువుతాను. ఐదుగురికి ఒక కాల్, మొదటిది కార్తీకం మొదలవ్వకముందే. పిల్లలు కూడా పక్కన ఉండాల్సిందేనని మావాళ్లు ఇంకా పట్టుబడుతున్నారు.

పింఛనుదారు, హనుమకొండ

ఉండనివ్వండి, కాల్ కలపడానికి సాయం చేస్తారు. స్ట్రిప్పు మాత్రం మా చేతిలోనే ఉండాలి, అడిగేది కూడా మేమే అడగాలి.