పిచికారీ విమానాల టేకాఫ్ ప్రమాదాలు: తప్పు పైలట్‌దేనా?

పొలంగట్టు: అమెరికాలో పొలాలకు మందు చల్లే విమానం రన్‌వే చివర కూలినప్పుడల్లా నా మాట ఒకటే. విమానం ఎంత మోయగలదో తెలిసినవాడు పైలట్. ఎక్కువ బరువుతో బయలుదేరితే బాధ్యత అతనిదే. కాదనేవాళ్లు చెప్పండి.

రెక్కలగుర్రం: బరువు ఎక్కువైన మాట నిజమే, అది ఎలా ఎక్కిందో కూడా చూడండి. ఎయిర్ ట్రాక్టర్ 802 అనే పిచికారీ విమానం హాపర్‌లో, అంటే మందు నింపే తొట్టిలో, 800 గ్యాలన్లు, అంటే 3,028 లీటర్లు పడుతుంది. గేజి గ్యాలన్లనే చూపిస్తుంది, బరువును కాదు. నీళ్లలో కలిపిన మందైతే మూడు టన్నులు. యూరియా, అమ్మోనియం నైట్రేట్ ద్రావణం లీటరు 1.3 కిలోల దాకా తూగుతుంది. అదే గీత వరకు నింపితే అదనంగా మరో 900 కిలోలు! ఇంధనం కూడా నిండుగా ఉంటే 7,257 కిలోల టేకాఫ్ పరిమితి దాటినట్టే. గొట్టం పట్టుకుని నింపే మనిషికి ఈ లెక్క ఎవరైనా చెప్పారా?

పొలంగట్టు: సరుకు మారిందని పైలట్‌కు తెలుసు కదండీ. తగ్గించి నింపమని అతనే చెప్పాలి.

ఉత్తరగాలి: బరువొక్కటే అనుకుంటే పొరపాటు. చిన్న విమానాలకు బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చెప్పే లెక్క చూడండి: బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్ దూరం 20 శాతం, ఎండ 10 డిగ్రీలు పెరిగితే మరో 10 శాతం, తడి గడ్డి మీదైతే 30 శాతం పెరుగుతుంది. వీటిని కూడకూడదు, గుణించాలి. 600 మీటర్లలో లేచేదానికి 1,030 మీటర్లు కావాలి. తెల్లవారుజామున హాయిగా లేచిన బరువే మధ్యాహ్నం ప్రాణం తీస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. నేలకు దగ్గరగా రెక్కలకు గాలి ఆసరా ఎక్కువ. అందుకే బరువైన విమానం కూడా చక్రాలు లేపుతుంది. కాస్త పైకి వెళ్లేసరికి ఆ ఆసరా పోతుంది. ఎదురుగా చెట్లు కనబడి పైలట్ ముక్కు ఇంకా పైకెత్తితే వేగం పడిపోయి విమానం కూలుతుంది.

నాగలి: అప్పుడు కాపాడేది డంప్ లివర్, అంటే హాపర్‌లోని సరుకును ఒక్కసారిగా కిందికి వదిలేసే పిడి, ఒక్కటే. న్యూజిలాండ్ నిబంధనల ప్రకారం హాపర్‌లోని సరుకులో 80 శాతం ఐదు సెకన్లలో కిందికి పోవాలి. అయినా చివరిదాకా లాగని వాళ్లున్నారు. ఎకరాల లెక్కన డబ్బు వచ్చే పైలట్‌కు ఆ సరుకు ఒలికిపోతే యజమానికి జవాబు చెప్పాలన్న భయం ఉంటుంది. సగం రన్‌వే దాటేలోపు తగినంత వేగం రాకపోతే లాగేయాలని, లాగినందుకు ఎవరూ అడగరని యజమాని ముందే చెప్పాలి.

పొలంగట్టు: యజమాని మాట ముఖ్యమే, ఒప్పుకుంటాను. కానీ చెట్లు దగ్గరవుతున్నా లివర్ మీద చెయ్యి వేయకపోతే ఆ నిర్ణయం పైలట్‌దే. అక్కడ నేను వెనక్కి తగ్గను.