శరణార్థి కుటుంబాలకు సాయం పోగుచేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

నడిదారి (చర్చ మొదలుపెట్టినవారు):
యుద్ధం వల్ల ఇళ్లు వదిలి సరిహద్దు దాటి వచ్చిన 11 కుటుంబాలు మేముండే చోటికి చేరి మూడు వారాలైంది. మొత్తం 48 మంది. వాళ్లలో 31 మంది ఒక హాల్లో తలదాచుకుంటున్నారు, మిగతావాళ్లు అక్కడక్కడా గదుల్లో సర్దుకున్నారు. మేం ఆరుగురం కలిసి సాయం పోగుచేస్తున్నాం. ఇంతకుముందు ఈ పని చేసిన అనుభవం ఎవరికీ లేదు.

మొదటి వారం ఫోన్ మోగని గంట లేదు. బట్టలతో ఒక గది నిండిపోయింది. నిన్న మూటలు విప్పాం. ఒకదాంట్లో రెండు బూట్లు, రెండూ ఎడమకాలివే. ఇంకోదాంట్లో తడి ఆరకముందే మడిచిన చొక్కాలు, బూజు పట్టి మడతల దగ్గర నల్లగా అయిపోయాయి. డబ్బు మాత్రం రెండు కుటుంబాల అద్దెకు కూడా చాలదు. ఈ వారం ఒక్కరూ ఫోన్ చేయలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండి, అంత టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నామో, ముందు ఏది సరిచేసుకోవాలో చెప్పండి.

మూటాముల్లె:
మీరు తప్పేమీ చేయలేదు. మొదటిసారి అందరికీ ఇదే జరుగుతుంది. బట్టలు ఇక వద్దని మాత్రం ఈ రోజే అందరికీ చెప్పండి. మొహమాటపడకండి. మేం మొహమాటపడి తీసుకుంటూ పోయాం. నలుగురం వారం రోజులు కూర్చుని వేరుచేస్తే సగం పారేయాల్సి వచ్చింది. ఆ వారంలో ఆ నలుగురూ అద్దె ఇళ్లు వెతికి ఉంటే రెండు కుటుంబాలు గూటికి చేరేవి.

వస్తువు ఇస్తే అది మన ఎంపిక. డబ్బు ఇస్తే అది వాళ్ల ఎంపిక. పెద్ద సంస్థలు కూడా ఈ దారికే వచ్చాయి. తుర్కియేలో సిరియా శరణార్థుల కోసం యూరోపియన్ యూనియన్ నిధులతో 2016 చివర్లో కార్డుల పద్ధతి పెట్టారు. కార్డులో నెలనెలా డబ్బు పడేది, దేనికి వాడుకోవాలన్నది ఆ కుటుంబం ఇష్టం. పది లక్షల మందికి పైగా దాన్ని వాడుకున్నారు.

గోరువెచ్చ:
డబ్బు చేతికిస్తే సరిగ్గా వాడతారా అని మా దాతలు అడుగుతారండి. ఏం చెప్పాలి?

మూటాముల్లె:
నిన్నటిదాకా తమ ఇంటి జమాఖర్చు తామే చూసుకున్నవాళ్లని చెప్పండి. ఇల్లు పోయింది కానీ తెలివి పోలేదు కదా. మేం డబ్బు ఇచ్చిన మొదటి నెలలో మా దగ్గరున్న కుటుంబాలు ఎక్కువగా దేనికి వాడాయో తెలుసా? దారిలో చేసిన అప్పులు తీర్చడానికి, వెనక ఉండిపోయిన తల్లిదండ్రులకు ఫోన్ చేసుకోవడానికి. ఆ రెండూ మేం రాసుకున్న జాబితాలో లేనే లేవు.

ఆవలిఒడ్డు:
నేను ఇచ్చినవాళ్ల వైపు నుంచి కాదు, పుచ్చుకున్నవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను.

నాకు పన్నెండేళ్లప్పుడు గొడవల్లో ఇల్లు వదిలేశాం. రెండున్నరేళ్లు శిబిరంలో ఉన్నాం. సరిహద్దు దాటలేదు కాబట్టి లెక్క ప్రకారం మేం శరణార్థులం కాదు. 1951 ఒప్పందంలో శరణార్థి అంటే జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో తనను వేధిస్తారన్న భయం ఉండి సొంత దేశం బయట ఉన్న మనిషి. మాలాంటివాళ్లను అంతర్గత నిర్వాసితులంటారు. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. అందులో 7 కోట్ల 35 లక్షల మంది మాలాగా సొంత దేశంలోనే చెల్లాచెదురైనవాళ్లు. సాయం పోగుచేసేటప్పుడు వాళ్లను కూడా కాస్త గుర్తుంచుకోండి.

ఇక మా సంగతి. మొదటి నెలలో మాకు తొమ్మిది దుప్పట్లు వచ్చాయి. మేం నలుగురమే. వండుకోవడానికి గిన్నె మాత్రం ఒక్కటీ రాలేదు. అమ్మ రోజూ పక్క గుడారం వాళ్ల వంట అయ్యేదాకా ఆగి, వాళ్ల గిన్నె కడిగి తెచ్చి వండేది. మేం తినేసరికి చీకటి పడేది. దుప్పట్లు తెచ్చినవాళ్లు చాలా మంచివాళ్లు, దూరం నుంచి వచ్చారు. మీకేం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. సామాను పంచేవాళ్లందరూ మగవాళ్లే. నెలసరికి బట్ట కావాలని అమ్మ ఎవరిని అడుగుతుంది? వచ్చిన దుప్పట్లలో ఒకటి రాత్రిపూట చింపింది. కర్ర్‌మని చప్పుడవుతుంటే ఎవరైనా వింటారని ఆగి ఆగి చింపింది. నేను నిద్రపోతున్నాననుకుంది. చాలా ఏళ్ల తర్వాత గానీ ఎందుకు చింపిందో నాకు అర్థం కాలేదు. నడిదారి గారూ, మీ ఆరుగురిలో ఆడవాళ్లు ఎంతమంది?

నడిదారి:
ఒక్కరే. ఆమె కూడా లెక్కలు చూస్తున్నారు, పంపిణీకి రావడం లేదు. రేపటి నుంచి మారుస్తాం. మీరు ఇదంతా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

జమాఖర్చు:
హాల్లో 31 మంది అన్నారు. ఆ హాలు ఎంత ఉంటుంది? విపత్తు సాయానికి స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి, ప్రపంచమంతా వాటినే పాటిస్తారు. తలకి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, తాగడానికీ వాడకానికీ కలిపి రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. ఆడవాళ్లకు వేరుగా, లోపలి నుంచి గడియ ఉన్నది కావాలి.

నడిదారి:
60 చదరపు మీటర్లు ఉంటుందండి. మరుగుదొడ్డి ఒకటే.

జమాఖర్చు:
అయితే 17 మందికి సరిపోయే చోట 31 మంది ఉన్నారు. దాతల దగ్గరికి ఈ లెక్క తీసుకెళ్లండి. "బాధితులను ఆదుకోండి" అంటే వినీ విననట్టు పోతారు. "14 మందికి పడుకునే చోటు లేదు, మూడు గదులు అద్దెకు దొరికితే ఈ నెలాఖరుకు వాళ్లకు చోటు దొరుకుతుంది" అంటే ఆగి వింటారు. ఏం కావాలి, ఎంత కావాలి, ఎప్పటికి కావాలి అన్నవి స్పష్టంగా తెలిస్తే మనిషికి చెయ్యి జేబులోకి పోతుంది.

డబ్బు విషయంలో మేం పాటించినవి కూడా చెబుతాను. ఖాతా ఏ ఒక్కరి సొంత పేరు మీదా పెట్టలేదు. ఏ ఖర్చుకైనా ఇద్దరి సంతకం ఉండాలి. ప్రతి ఆదివారం వచ్చినదీ పోయినదీ దాతలందరికీ పంపేవాళ్లం. ఒక వారం ఏమీ రాలేదు, ఆ వారం సున్నా అని పంపాం. అది చూసి ఇద్దరు పాత దాతలు మళ్లీ ఇచ్చారు. ఒకసారి రవాణాకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, దాన్నీ దాచలేదు. దానమిచ్చేవాడికి అనుమానం ఒక్కసారి వస్తే ఎన్ని రసీదులు చూపించినా పోదు. ఇంకో మాట. చందాలు వసూలు చేయడానికీ, ముఖ్యంగా వేరే దేశం నుంచి డబ్బు తీసుకోవడానికీ చాలా దేశాల్లో అనుమతులు కావాలి. మొదలుపెట్టకముందే కనుక్కోండి.

తొలిపొద్దు:
ఫోటోలు పెడితే డబ్బు త్వరగా వస్తుంది కదా? మేం ఒక పాప ఫోటో పెట్టాం, రెండు రోజుల్లో చాలా వచ్చింది. అంత కష్టంలో ఉన్నప్పుడు ఫోటో పెట్టడం తప్పంటే నేను ఒప్పుకోలేను.

ఆవలిఒడ్డు:
నా ఫోటో కూడా ఒకరు తీశారు. ముఖం కడుక్కుని వస్తానంటే వద్దు, అలాగే బాగుంది అన్నారు. ముప్పై ఏళ్లయినా ఆ మాట నేను మర్చిపోలేదు.

సరిహద్దురాయి:
నేను శరణార్థులతో పనిచేసే చోట కొన్నేళ్లు దుబాసీగా ఉన్నాను. తొలిపొద్దు గారూ, మీ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ గౌరవం సంగతి అటుంచినా ప్రమాదం ఒకటుంది. వీళ్లు ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వాళ్లకు కూడా ఇంటర్నెట్ ఉంది. ఇక్కడ ముఖం కనిపిస్తే అక్కడ మిగిలిన తమ్ముడి తలుపు తడతారు. నేను అనువాదం చేసిన ఒక తల్లి అన్ని కాగితాల మీదా సంతకం పెట్టింది, ఫోటో కాగితం దగ్గర మాత్రం పెన్ను కింద పెట్టేసింది. కారణం చెప్పలేదు. ఫోటో లేకపోతే సాయం ఆగిపోతుందేమోనని ఆమె చేతులు వణకడం చూశాను. సాయం చేసేవాళ్లు అడిగితే కాదనే ధైర్యం చాలామందికి ఉండదు, అందుకే మనమే అడగకుండా ఉండాలి. చేతుల ఫోటో, వండుకునే గిన్నె ఫోటో, అద్దెకు తీసుకున్న గది ఫోటో పెట్టండి, సరిపోతుంది.

తొలిపొద్దు:
వెనక ఉన్నవాళ్ల సంగతి నాకు తట్టలేదు. ఆ ఫోటో ఇప్పుడే తీసేస్తున్నాను. వేరేవాళ్లు పంచుకున్నచోట్ల కూడా తీసేయమని అడుగుతాను.

పాలవెల్లి:
నర్సుగా పనిచేస్తాను, నాకు తెలిసింది చెబుతాను. పసిపిల్లలున్నారని పాలపొడి డబ్బాలు పంచకండి. నీళ్లు శుభ్రంగా లేనిచోట, సీసా మరిగించే వీలు లేనిచోట పాలపొడి పసివాడి ప్రాణం మీదికి తెస్తుంది. దానంగా వచ్చే పాలపొడిని అత్యవసర సమయాల్లో తీసుకోవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెబుతాయి. తల్లికి కడుపునిండా తిండి, ప్రశాంతంగా కూర్చుని పాలిచ్చుకునే చాటు ఇవ్వండి, అదే పెద్ద సాయం. తల్లి లేని బిడ్డ ఉంటే డాక్టర్ చూసి చెప్పినట్టు చేయాలి.

మందులు కూడా అంతే. ఇంట్లో మిగిలిన మాత్రలు తీసుకోకండి. గడువు కనీసం ఏడాది ఉండాలి, పేరు అక్కడివాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. అన్నిటికంటే ముందు కుటుంబాల్లో ఎవరెవరు రోజూ మందులు వాడేవాళ్లో అడిగి రాసుకోండి. షుగర్, బీపీ, మూర్ఛ ఉన్నవాళ్లు దారిలో మందులు అయిపోయి నోరు మెదపకుండా ఉంటారు.

పొరుగిల్లు:
చుట్టుపక్కల ఉండే పేదవాళ్లను మర్చిపోకండి. ప్రపంచంలో శరణార్థుల్లో మూడింట రెండు వంతుల మంది పొరుగు దేశాల్లోనే ఉంటున్నారు, ఆ దేశాల్లో చాలావాటికి తమ కష్టాలే తమకున్నాయి. మా దగ్గర వచ్చినవాళ్లకు మాత్రమే దుప్పట్లు పంచితే వీధి చివర ఉండే ముసలామె "నేను కూడా బయటి నుంచి రావాల్సిందా బాబూ" అంది. ఆ మర్నాటి నుంచి ప్రతి పంపిణీలోనూ స్థానికులకు ఒక వాటా తీసిపెట్టాం. గొడవలు రాలేదు.

నిలకడ:
అందరూ మొదటి నెల గురించే మాట్లాడుతున్నారు. నన్ను కుంగదీసింది ఆరో నెల. వార్తల్లో ఆ యుద్ధం కనిపించడం మానేసింది. చందాలు నిలిచిపోయాయి. అద్దె మాత్రం ప్రతి ఒకటో తారీఖునా వస్తూనే ఉంది. ఒక తండ్రి మా ఇంటికి వచ్చి, చెప్పులు బయటే విడిచి, గుమ్మంలో నిలబడి "ఇంకొక్క నెల" అని అడిగాడు. ఖాతాలో ఏమీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

శరణార్థి జీవితం నెలల్లో ముగిసేది కాదు. కెన్యాలో దదాబ్ శిబిరం 1991లో మొదలైంది, అక్కడే పుట్టి అక్కడే పిల్లల్ని కన్నవాళ్లున్నారు. అందుకే రెండోసారి మేం పద్ధతి మార్చాం. కెనడాలో 1979 నుంచి ఒక ఏర్పాటు ఉంది. 2024 చివర్లో ఇలాంటి గుంపుల కొత్త దరఖాస్తులు ఆపేదాకా, మామూలు పౌరులు ఐదుగురు గానీ ఇంకా ఎక్కువమంది గానీ కలిసి ఒక శరణార్థి కుటుంబం బాధ్యత తీసుకునేవాళ్లు. మామూలుగా ఏడాది పాటు ఇల్లు, ఖర్చులు, పిల్లల బడి, భాష నేర్చుకోవడం అన్నీ ఆ గుంపే చూసుకునేది. మాకు అలాంటి చట్టం లేకపోయినా లెక్క అరువు తెచ్చుకున్నాం. ఒక కుటుంబానికి ఐదుగురు, పన్నెండు నెలలు, నెలకు ఇంత అని ముందే మాట తీసుకున్నాం. పెద్ద మొత్తం ఒక్కసారి ఇస్తామన్నవాళ్లను కూడా నెలనెలా ఇమ్మని బతిమాలాం. ఆ ఐదుగురిలో ఒకరు కచ్చితంగా వారానికోసారి ఆ ఇంటికి వెళ్లి కూర్చుని రావాలి. డబ్బు ఇవ్వలేనివాళ్లు చాలామంది ఆ పనికి ముందుకొచ్చారు. ఉద్యోగం వెతకడం, ఆఫీసు కాగితాలు నింపడం, బడిలో మాట్లాడటం, ఇవన్నీ ఆ రాకపోకల్లోనే జరిగిపోయాయి.

నడిదారి:
11 కుటుంబాలకు 55 మంది. అంతమంది దొరుకుతారంటారా?

నిలకడ:
మొదట మూడు కుటుంబాలకు పదిహేను మందిని కూడగట్టండి. మిగతావాళ్లు చూసి వస్తారు. మాకు అలాగే జరిగింది.

నడిదారి:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. బట్టలు ఆపేశాం. హాలు లెక్క చూపించి అడిగాం, రెండు గదులు దొరికాయి, మూడోదాని కోసం మాట్లాడుతున్నాం. నాలుగు కుటుంబాలకు ఐదుగురేసి మాట ఇచ్చారు. ఏడు కుటుంబాలకు ఇంకా ఎవరూ లేరు. పంపిణీకి ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్లు వస్తున్నారు, మమ్మల్ని ఎప్పుడూ అడగనివి ఆ కుటుంబాల ఆడవాళ్లు వాళ్లని అడుగుతున్నారు.

దుబాసీని పెట్టుకుని ప్రతి కుటుంబాన్నీ ఏం కావాలని అడిగాం. ఒకామె కుట్టుమిషన్ అడిగింది. ఒక కుర్రాడు పాత బడి సర్టిఫికెట్ పోయింది, పరీక్ష రాయనిస్తారా అని అడిగాడు. అందరికంటే పెద్దాయన మాత్రం ఏమీ వద్దన్నాడు. సంతకం కోసం కాగితం ఇస్తే చెయ్యి బారుగా చాచి పట్టుకుని కాసేపు చూసి, మనవరాలికి ఇచ్చేశాడు. కళ్లజోడు దారిలో పడిపోయిందట, ఆ పిల్ల చెప్పింది. మూడో రోజుకల్లా కొత్త జోడు వచ్చింది. పెట్టుకోగానే ఆయన అడిగిన మొదటి వస్తువు ఆ కాగితమే. మొదటి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. మేం ఆయన పేరు తప్పు రాశాం. ఐదు వారాలుగా ప్రతి జాబితాలోనూ అదే తప్పు పేరు.

దిద్ది మళ్లీ సంతకం తీసుకున్నాం. రేపు మిగతా పది కుటుంబాల కాగితాలు కూడా వాళ్లకే ఇచ్చి చదివించాలి.