పియెర్‌ఫోన్ కోటలోని చాపెల్‌ని (చిన్న ప్రార్థనా మందిరాన్ని) మధ్యయుగపు కట్టడం అనొచ్చా?

వాస్తువిద్యార్థి: పారిస్‌కి ఈశాన్యంగా ఉన్న పియెర్‌ఫోన్ కోటని చాలా వీడియోల్లో ‘అచ్చమైన మధ్యయుగపు కోట’ అంటున్నారు. ఫ్రాన్స్ రాజు తమ్ముడు, ఓర్లియన్స్ డ్యూక్ లూయీ 1390ల్లో దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు. 1617లో రాజసైన్యం పైకప్పులు పీకేసి, బురుజులకు గండ్లు కొట్టింది. రెండు శతాబ్దాలకు పైగా కోట శిథిలంగానే ఉంది. ఇప్పుడు కనిపించే చాపెల్ 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ డబ్బుతో వాస్తుశిల్పి వియొలే ల ద్యుక్ చేసిన పని. దాన్ని మధ్యయుగపుదని ఎలా అంటాం?

రాతిగోడ: ఎందుకు అనకూడదండీ? పునాదులు పాతవే. చాపెల్ చివరి భాగం కోట బురుజులోకి చొచ్చుకుని ఉండే ఆ అమరిక చూడండి, అక్కడ రక్షణా ప్రార్థనా ఒకే గోడలో కలిసిపోయాయి. పాత గుడికి జీర్ణోద్ధరణ చేస్తే దాన్ని కొత్త గుడి అంటామా?

వాస్తువిద్యార్థి: జీర్ణోద్ధరణ అంటే ఉన్నదాన్ని నిలబెట్టడం. ఇక్కడ లేనిదాన్ని చేర్చారు. బలిపీఠం ఉన్న భాగానికి పైన ఒక గ్యాలరీ ఉంది, అది పూర్తిగా ఆయన ఊహే. ఇక గుమ్మం నడిమి స్తంభం మీద సెయింట్ జేమ్స్ విగ్రహానికి పెట్టిన ముఖం వియొలే ల ద్యుక్‌దే!

చరిత్రప్రియ: ఆయన ఏదీ దాచలేదు గదా. పునరుద్ధరణ అంటే కట్టడాన్ని ఒక సంపూర్ణ స్థితికి తేవడమేనని, ఆ స్థితి ఎన్నడూ ఉండి ఉండకపోవచ్చనీ తనే రాశాడు. 1857లో అనుకున్నది వేరు, ప్రధాన బురుజును బాగుచేసి మిగతాది శిథిలంగా ఉంచాలని. 1861లో చక్రవర్తికి నివాసం కావాలనిపించి మొత్తం కట్టించాడు. నా దృష్టిలో ఇది 19వ శతాబ్దపు గొప్ప పని. నా బాధల్లా, పాత గోడల్లో మిగిలిన ఆధారాలు కొత్త రాతి కింద పడిపోయాయని. అసలైనది చూడాలంటే షాటోడన్ కోటకి వెళ్లండి. జోన్ ఆఫ్ ఆర్క్ పక్కన పోరాడిన దునువా 1451లో అక్కడ చాపెల్ మొదలుపెట్టాడు. 15వ శతాబ్దపు శిల్పాలు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి. దునువా ఎవరనుకున్నారు? పియెర్‌ఫోన్ కట్టించిన ఆ లూయీ కొడుకే.

రాతిగోడ: ఆ తండ్రీకొడుకుల సంగతి నాకు తెలియదు, థాంక్సండీ. అయినా ఒక మాట. 2019లో కాలి కూలిన పారిస్ నోత్రదామ్ చర్చి శిఖరం కూడా వియొలే ల ద్యుక్‌దే. దాన్ని మళ్లీ ఆయన డిజైన్ ప్రకారమే కట్టారు. అంటే ఆయన పనికీ కాపాడుకోదగ్గ విలువ ఉన్నట్టేగా?

వాస్తువిద్యార్థి: విలువ లేదని నేననలేదండీ. చాపెల్ చూపించేటప్పుడు 1390లు అని కాకుండా 19వ శతాబ్దం అని, ఆయన పేరుతో చెప్పమంటున్నాను, అంతే.