బర్న్లీ 2016-17: ఇంట్లో 33 పాయింట్లు, బయట 7. దీన్ని ఎలా చదవాలి?

టర్ఫ్‌మూర్12
2016-17లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో బర్న్లీ 40 పాయింట్లతో 16వ స్థానంలో నిలిచింది. సొంత మైదానం టర్ఫ్ మూర్‌లో 10 గెలుపులు, 3 డ్రాలు, 6 ఓటములు: 33 పాయింట్లు (గెలుపుకు 3, డ్రాకు 1). బయట ఒకే గెలుపు (క్రిస్టల్ ప్యాలెస్ మీద 2-0), 4 డ్రాలు, 14 ఓటములు: 7 పాయింట్లు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని అందరూ తేల్చేశారు. తీరా 2017-18లో కోచ్ షాన్ డైచ్ నడిపిన అదే జట్టుకు ఇంట్లో 26, బయట 28. ఏడో స్థానం! మొదటి మ్యాచ్‌లోనే చెల్సీని వాళ్ల మైదానంలో 3-2తో ఓడించింది. ఒక్క ఏడాదిలో అంత ఏం మారింది?

లెక్కలబంతి
ముందు లీగ్ సగటు తీయండి. 2016-17లో 380 మ్యాచ్‌లకు ఇంటి జట్లు 187 గెలిచాయి, అతిథి జట్లు 109, మిగతా 84 డ్రా. 20 జట్లకు పంచితే సగటున ఇంట్లో 32, బయట 20.5 పాయింట్లు. అంటే మనం కోట అనుకున్న టర్ఫ్ మూర్ ఫలితం మామూలుదే. లోటంతా బయటే.

సగంగీత
పై లెక్కలో ఒక మెలిక ఉందండి. సగటు జట్టుకు మొత్తం 52 పైనే పాయింట్లు, బర్న్లీకి 40. పోల్చాల్సింది 40 పాయింట్ల జట్టుతో. ఆ ఏడు ఇంటికీ బయటకీ లీగ్‌లో తేడా సుమారు 12. 40ని ఆ తేడాతో విడగొడితే 26, 14. కాబట్టి బర్న్లీ ఇంట్లో 7 ఎక్కువ తెచ్చుకుంది, బయట 7 పోగొట్టుకుంది. 19 మ్యాచ్‌ల పాయింట్లు ఉత్త అదృష్టం వల్లే అయిదు దాకా అటూ ఇటూ ఊగుతాయి. 7 పెద్దదే, వింత మాత్రం కాదు.

మరుసటి ఏడు తేడా దాదాపు 10. 54ని విడగొడితే 32, 22. వచ్చినవి 26, 28. ఈసారి ఊపు అవతలివైపు. రెండేళ్లూ కలపండి: రావాల్సింది 58, 36, వచ్చింది 59, 35. పులీ లేదు, పిల్లీ లేదు.

రెండోబంతి
లెక్క ఒప్పుకుంటా, కానీ ఆటలో కారణం అస్సలు లేదనకండి. డైచ్ 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) బంతిని ఎదుటివాళ్లకు వదిలేసి, రెండు వరుసలు దగ్గరగా బిగించి, పొడవు బంతితో ముందుకు పోయే పద్ధతి. ఆగస్టు 2016లో లివర్‌పూల్ మీద 2-0 గెలిచినప్పుడు బర్న్లీ దగ్గర బంతి ఉన్నది 20 శాతం సమయమే. మొదటి గోల్ తామే కొడితే ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ముందు గోల్ తింటే వరుసలు విప్పుకుని పైకి రావాలి, వెనక ఖాళీలు తెరుచుకుంటాయి. బయట ముందు గోల్ తినే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ రకం జట్టుకు దెబ్బ రెట్టింపు.

అందుకే పాయింట్లు పక్కనపెట్టి, స్కోరు సమంగా ఉన్న నిమిషాల్లో షాట్లు ఎన్ని కొట్టారో, ఎన్ని తిన్నారో ఇంటికీ బయటకీ వేరుగా రాసుకోండి. వెనకబడ్డాక కొట్టినవి కలిపితే దాడి బాగున్నట్టు కనిపిస్తుంది, అది మోసం. డ్రాలనూ నమ్మొద్దు. అక్టోబర్ 2016లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వచ్చిన 0-0లో ఆ జట్టు 37 షాట్లు కొట్టింది. ఆ పాయింటు బర్న్లీ గోల్‌కీపర్ టామ్ హీటన్ చేతులది, బయటి ఫామ్‌ది కాదు.

గ్యాలరీ_వెనక
ప్రేక్షకుల వాటా ఎంతో 2020-21 చూపించింది. కోవిడ్ వల్ల దాదాపు ఖాళీగా ఉన్న స్టేడియాల్లో అతిథులు 153 గెలిచారు, ఇంటి జట్లు 144. ఇంగ్లండ్ అగ్ర లీగ్‌లో ఏ సీజన్‌లోనైనా అతిథులది పైచేయి కావడం అదే మొదటిసారి. లివర్‌పూల్ తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లుగా ఓడకుండా ఉంటే ఆ జనవరిలో 1-0తో ఆపింది ఎవరనుకున్నారు? మన బర్న్లీనే. (ఇది చెప్పకుండా ఉండలేను.) ఆటగాళ్ల పరుగు మీద కన్నా రిఫరీ మీద అరుపుల ప్రభావమే ఎక్కువని నా అభిప్రాయం. కేకలు లేనప్పుడు చాలా లీగ్‌లలో అతిథులకు అదనంగా పడే పసుపు కార్డులు తగ్గాయి.

టర్ఫ్‌మూర్12
బాగుంది. మరి సీజన్ మధ్యలో, పదేసి మ్యాచ్‌లే అయినప్పుడు?

సగంగీత
అప్పుడు పట్టికలోని ఇల్లు-బయట కాలమ్‌లు చూడకండి. పెద్ద జట్ల మైదానాలకు ముందే వెళ్లొచ్చిన జట్టు బయట దారుణంగా కనిపిస్తుంది. రెండుసార్లూ ఆడిన ప్రత్యర్థులను మాత్రమే తీసుకుని, ఇంట్లో గోల్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) లోంచి బయట గోల్ తేడా తీసేయండి. జంటలు అయిదారు కూడా లేకపోతే ఆగండి, ఫిబ్రవరి దాటాక చూడొచ్చు. 5-0 లాంటి ఫలితాన్ని 3-0గా కుదించి వేసుకోండి, లేకపోతే ఒక్క మధ్యాహ్నం లెక్కంతా లాగేస్తుంది. ఎర్రకార్డు తొందరగా పడిన మ్యాచ్‌ను పక్కన గుర్తు పెట్టుకోండి, తీసేయకండి.